పరీక్షలన్నీ బాగున్నాయి, భయం మాత్రం పోవడం లేదు

ప్రశ్న

ఏలూరు జిల్లా నుంచి ఒక సోదరి పొడవాటి ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 37. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. భర్తకు ఎరువుల దుకాణం ఉంది. తొమ్మిదేళ్ల పాప, అత్తగారు ఇంట్లో ఉంటారు. ఈమెకు బీపీ, షుగరు లేవు. రెండేళ్ల కిందట తండ్రి 54వ ఏట గుండెపోటుతో పోయారు. ఆయనకు షుగరు ఉండేది, సిగరెట్లు కాల్చేవారు.

నాన్న పోయిన కొన్ని నెలలకు, ఒక రాత్రి అన్నం తిని పడుకున్నాక ఈమెకు గుండె దడదడలాడింది. వేళ్లు తిమ్మిరెక్కాయి, పెదాల చుట్టూ చీమలు పాకినట్టయింది, ఊపిరి అందలేదు. ఇక అయిపోయిందనుకున్నారు. ఆసుపత్రికి తీసుకెళ్తే ఈసీజీ తీసి, బాగానే ఉందని పంపేశారు. ఆ ధైర్యం నాలుగు రోజులు నిలిచింది. తర్వాత ఎడమవైపు ఛాతీలో పోటు మొదలైంది. విజయవాడలో గుండె డాక్టరు టూడీ ఎకో (గుండె స్కానింగు), టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూసే పరీక్ష) చేయించి గుండె శుభ్రంగా ఉందన్నారు. నమ్మకం కుదరక ఇంకో ఆసుపత్రిలో మళ్లీ ఎకో తీయించుకున్నారు. ఆపైన ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ. ఆ రిపోర్టులో నార్మల్ హద్దు దాటిన రెండు మూడు అంకెలు లావు అక్షరాల్లో కనిపించాయి. వాటి గురించి ఫోన్‌లో వెతుకుతూ తెల్లవార్లూ కూర్చున్నారు.

"ఇప్పుడు నా మంచం పక్కన పల్స్ ఆక్సీమీటరు, బీపీ మిషను ఉంటాయి. పోటు వచ్చే చోటును రోజుకు ఎన్నిసార్లు బొటనవేలితో నొక్కి చూసుకుంటానో నాకే తెలియదు. బోర్డు మీద లెక్క చేస్తూ మధ్యలో ఆగిపోయి మెడ మీద చెయ్యి పెట్టుకుంటాను. మావారు మొదట్లో పక్కనే కూర్చుని ధైర్యం చెప్పేవారు. ఇప్పుడు 'నీకేం లేదు, ఊరికే ఊహించుకుంటున్నావు' అని అటు తిరిగి పడుకుంటారు. అత్తయ్య దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. మందుల షాపులో నిద్ర పట్టడానికి ఒక మాత్ర ఇచ్చారు, భయమేసిన రాత్రి సగం వేసుకుంటున్నాను. మొన్న మా పాప మెడ మీద రెండు వేళ్లు పెట్టుకుని గోడ గడియారం చూస్తోంది. ఏంటమ్మా అంటే, 'నాది ఎంత కొట్టుకుంటోందో చూసుకుంటున్నా' అంది. యాంజియోగ్రామ్ చేయించుకుంటే ఒక్కసారిగా తేలిపోతుందనిపిస్తోంది. మావారు ఒప్పుకోవడం లేదు. చేయించుకోమంటారా? లేక మీరు కూడా పిచ్చి డాక్టరు దగ్గరికే పొమ్మంటారా?"

ఉత్తరం నడుమ, ఇంకేదో చెబుతూ, ఒక వాక్యం రాశారు: "ఆ రోజు సాయంత్రం నాన్న ఫోన్ చేసి గుండెల్లో మంటగా ఉందమ్మా అన్నారు. గ్యాస్ అయి ఉంటుంది, మాత్ర వేసుకుని పడుకో నాన్నా అన్నాను." ఆ వెంటనే మళ్లీ ఎకో రిపోర్టు సంగతిలోకి వెళ్లిపోయారు.

సమాధానం

అమ్మా, మీకు వస్తున్న దడ నిజం. పోటు నిజం. తిమ్మిరి నిజం. "ఊహించుకుంటున్నావు" అనేది మీ వారు విసిగిపోయి అన్న మాటే కానీ, అది తప్పు మాట. పైగా ఆ మాట విన్న ప్రతిసారీ మీ బాధ నిజమని నిరూపించుకోవడానికి మీరు ఇంకో పరీక్షకు బయల్దేరాల్సి వస్తోంది. అందుకని ముందు దాన్ని పక్కన పెట్టేద్దాం. నొప్పి ఉంది. ఆ నొప్పి ఎక్కడి నుంచి వస్తోందన్నదే తేల్చుకోవాల్సిన సంగతి.

మీరు రాసిన మొదటి రాత్రి వివరాలు పానిక్ ఎటాక్‌కు, అంటే ఒక్కసారిగా ముంచుకొచ్చే తీవ్రమైన భయానికి, బాగా సరిపోతున్నాయి. భయం కలగ్గానే ఒంట్లోకి అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, ఛాతీ కండరాలు బిగుసుకుంటాయి, ఊపిరి పైపైన, గబగబా సాగుతుంది. అలా అతిగా ఊపిరి తీసి వదిలేసరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. వేళ్లలో తిమ్మిరి, పెదాల చుట్టూ చీమలు పాకడం, తల తేలిపోవడం అందువల్లే వస్తాయి. సాధారణంగా పది నిమిషాల్లో పైకెక్కి, అరగంటలోపు దిగిపోతుంది. ఎడమవైపు తిరిగి పడుకుంటే గుండె ఛాతీ గోడకు ఇంకాస్త దగ్గరగా వస్తుంది కాబట్టి ఆ కొట్టుకోవడం మరింత గట్టిగా తెలుస్తుంది. ఇల్లు సద్దుమణిగిన రాత్రివేళ, చెవి దిండుకు ఆనించి పడుకుంటే ఎవరి గుండె చప్పుడైనా వాళ్లకు వినిపిస్తుంది. నాన్న పోయిన ఇంట్లో ఆ చప్పుడు వింటే భయం వేస్తుంది.

ఇక ఆ బొటనవేలు. పక్కటెముకలు రొమ్ము ఎముకతో కలిసే చోట మెత్తటి ఎముక ఉంటుంది. దాన్ని రోజూ, అదే చోట, గట్టిగా నొక్కుతుంటే ఎవరికైనా కందిపోతుంది. నొప్పి ఉందేమోనని నొక్కుతున్నారు, నొక్కినందుకు నొప్పి వస్తోంది, నొప్పి వచ్చిందని మళ్లీ నొక్కుతున్నారు. నొక్కితే ఎక్కువయ్యే నొప్పి చాలావరకు ఎముకలదో కండరాలదో అయి ఉంటుంది. మీ డాక్టరు కూడా అక్కడ నొక్కి చూసే ఉంటారు. రెండు వారాల పాటు ఆ చోటును ముట్టుకోకుండా వదిలేయగలిగితే పోటు ఎంత తగ్గుతుందో మీకే తెలుస్తుంది.

లావు అక్షరాల సంగతి మీకు లెక్కగానే చెప్పొచ్చు. ల్యాబు రిపోర్టులో "నార్మల్" అని చూపే హద్దుల్ని మామూలుగా ఎలా గీస్తారంటే, ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది లోపల పడేలా గీస్తారు. అంటే ఏ జబ్బూ లేనివాళ్లలోనే వందకు ఐదుగురు బయట పడతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయించుకుంటే, ఒక్కటైనా హద్దు దాటే అవకాశం ఎంత? 0.95ను 20 సార్లు హెచ్చించి, ఒకటిలోంచి తీసేయండి. దాదాపు 64 శాతం వస్తుంది. ప్యాకేజీలో ఎన్ని పరీక్షలు ఎక్కువుంటే అన్ని లావు అక్షరాలు. పెద్ద ప్యాకేజీ అయితే పూర్తి ఆరోగ్యంతో ఉన్న మనిషికి కూడా ఒక్కటీ లేకుండా రావడమే అరుదు. కాకపోతే దడ ఉంది కాబట్టి థైరాయిడ్, హిమోగ్లోబిన్ అంకెలు మాత్రం మీ డాక్టరుకు చూపించండి. ఆ రెండూ తేడాగా ఉన్నా దడ వస్తుంది, మందులతో సరిచేయొచ్చు. మిగతావాటి గురించి ఫోన్‌ను అడక్కండి. దానికి మీ వయసు తెలియదు, మీ టీఎంటీ రిపోర్టు తెలియదు. ఛాతీ నొప్పి అని కొడితే అన్నిటికన్నా భయంకరమైన కారణాన్ని కూడా మిగతావాటి వరసలోనే తెచ్చి చూపిస్తుంది.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి దగ్గరికి వస్తాను.

గుండెపోటు కొందరిలో అచ్చం గ్యాస్ మంటలాగే వస్తుంది, ముఖ్యంగా గుండె కింది భాగానికి రక్తం అందనప్పుడు. షుగరు ఉన్నవాళ్లలో నొప్పి సరిగ్గా తెలియకపోవచ్చు కూడా. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసే డాక్టర్లకే ఇది మాటల్లో తేలదు. అందుకే ఈసీజీ తీస్తారు, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ చూస్తారు. మీ చేతిలో ఆ రోజు ఉన్నది ఫోన్‌లో ఒక మాట. గుండెల్లో మంట అంటే గ్యాస్ అనడం మన ఇళ్లలో ఎంత మామూలో మీకు తెలుసు. మీ నాన్నగారు కూడా అలాగే అనుకుని ఉంటారు, లేకపోతే తనే ఆసుపత్రికి బయల్దేరేవారు. కూతురు ప్రేమతో, తనకు తెలిసినంతలో చెప్పిన మాట అది.

నాకు అనిపిస్తున్నది చెబుతాను, కాదనిపిస్తే వదిలేయండి. ఒకసారి తేలిగ్గా తీసుకుని నాన్నను పోగొట్టుకున్నానని, ఇకమీదట దేన్నీ తేలిగ్గా తీసుకోకూడదని మీరు లోలోపల ఒట్టు పెట్టుకున్నారు. అందుకే డాక్టరు "ఏం లేదు" అంటే మీకు ధైర్యం రావడం లేదు. ఆ మాటలో ఆ సాయంత్రం మీరన్న "గ్యాస్ అయి ఉంటుంది" వినిపిస్తోంది. కానీ ఆ రెంటికీ పోలిక లేదు. నాన్నగారి గుండెను ఆ సాయంత్రం ఎవరూ పరీక్షించలేదు. మీ గుండెను ఈసీజీ తీసి, ఎకో తీసి, ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి మరీ చూశారు. ఆయనకు షుగరు, సిగరెట్లు ఉన్నాయి. మీకు లేవు. ఆ రోజు చేయించలేకపోయిన ఈసీజీని ఇప్పుడు మీ ఒంటి మీద ఎన్నిసార్లు తీయించినా, అది ఆయనకు తీయించినట్టు కాదు.

మీ భయంలో న్యాయమైన భాగం కూడా ఉంది. తండ్రికిగానీ అన్నదమ్ములకుగానీ 55 ఏళ్లలోపు గుండెజబ్బు వస్తే డాక్టర్లు దాన్ని కుటుంబ చరిత్రగా లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ మీ డాక్టరు చెప్పినంత ఎడంలో చూపించుకుంటూ ఉండాలి. రోజూ నడవాలి. ఈ జాగ్రత్తకు సరిపోయే కొలత ఉంది. మంచం పక్కన ఆక్సీమీటరు ఆ కొలతలోకి రాదు.

మీ ముందున్న దారులు చూద్దాం.

యాంజియోగ్రామ్ మీ మనసులో ఉన్న దారి. మామూలు యాంజియోగ్రామ్‌లో చేతి నుంచో తొడ నుంచో రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపి, రంగు మందు ఎక్కించి, గుండె రక్తనాళాల్లో అడ్డంకులు ఉన్నాయేమో చూస్తారు. సీటీ యాంజియోగ్రామ్‌లో గొట్టం ఉండదు కానీ రేడియేషన్, రంగు మందు ఉంటాయి. ప్రమాదం అరుదే, అయినా రక్తస్రావం, మందు పడకపోవడం, కిడ్నీల మీద భారం లాంటివి లేకపోలేదు. అవసరమైనవాళ్లకు ఆ పాటి ప్రమాదం పెద్ద లెక్కలోది కాదు. మీకు అవసరం ఉందని మీ గుండె డాక్టరు అంటే నిశ్చింతగా చేయించుకోండి. ఆయన అవసరం లేదన్నా కేవలం భయం కోసం చేయించుకుంటే ఏమవుతుందో మీ ఉత్తరంలోనే ఉంది. ఈసీజీ ధైర్యం నాలుగు రోజులు నిలిచింది. యాంజియోగ్రామ్ ధైర్యం ఒకటి రెండు నెలలు నిలుస్తుందేమో. ఆ తర్వాత "అప్పుడు లేదు సరే, ఈలోపు వచ్చి ఉంటే" అన్న ఆలోచన రాకుండా ఏ రిపోర్టూ ఆపలేదు. లేదా గుండె మీది భయం తలనొప్పి మీదకో కడుపు మీదకో మారుతుంది. గోకిన కాసేపు హాయిగా ఉండి ఆపైన దురద పెరిగినట్టే ఇది. రేపటికి కూడా ఏమీ కాదని రాసిచ్చే పరీక్ష ఇంతవరకు లేదు, నాకూ మీకూ మీ డాక్టరుకూ.

మీ వారు చెప్పే దారి ఇంకోటి, అన్నీ ఆపేసి గుండె నిబ్బరం చేసుకోవడం. ఆయన ఉద్దేశం మంచిదే. కానీ వట్టి పట్టుదలతో భయాన్ని నొక్కిపెడితే పగలు టీచరుగా, కోడలిగా నవ్వుతూ తిరిగి, రాత్రి బాత్రూంలో తలుపేసుకుని నాడి చూసుకునే పరిస్థితి వస్తుంది. అప్పుడు మీరు ఇంకా ఒంటరి అవుతారు.

మధ్యలో ఒక దారి ఉంది. మీ ఫైలంతా చూసిన ఒకే డాక్టరును ఎంచుకోండి. గుండె డాక్టరైనా సరే, ఊళ్లో నమ్మకమైన ఫిజీషియనైనా సరే. నొప్పి ఉన్నా లేకపోయినా రెండు మూడు నెలలకోసారి ఒక తేదీ పెట్టుకుని వెళ్లండి. ఆ మధ్యలో వేరే ఆసుపత్రి వద్దు. ఏ లక్షణం వస్తే ఆగకుండా రావాలో ఆయన చేతనే కాగితం మీద రాయించుకోండి. సాధారణంగా అందులో ఉండేవి ఇవి: నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో వచ్చి, ఆగితే తగ్గే ఛాతీ నొప్పి. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి చేతికో దవడకో వీపుకో పాకే నొప్పి, దాంతోపాటు చల్లటి చెమటలు. స్పృహ తప్పడం. మునుపెన్నడూ లేనంత ఆయాసం. వీటిలో ఏది వచ్చినా ఇది భయమా జబ్బా అని ఇంట్లో చర్చ పెట్టకుండా 108కి ఫోన్ చేయండి. కాగితంలో లేనిది, మీకు బాగా అలవాటైన పోటు అయితే, పెట్టుకున్న తేదీ దాకా ఆగండి. దీనివల్ల వచ్చే ఇబ్బంది ముందే చెబుతున్నాను. మొదటి రెండు మూడు వారాలు భయం తగ్గదు, పెరుగుతుంది. నాడి చూసుకోవాలని చెయ్యి దానంతటదే మెడ మీదకు వెళ్తుంది. మొదటి రోజే పూర్తిగా మానేయనక్కర్లేదు. చూసుకోవాలనిపించినప్పుడు పావుగంట ఆగండి, ఆ తర్వాత అరగంట. ఆగిన ప్రతిసారీ భయం దానంతటదే దిగడం మీరు చూస్తారు. ఆక్సీమీటరు, బీపీ మిషను మాత్రం మీ వారికిచ్చి దుకాణంలో పెట్టించేయండి.

ఇది ఒక్కరే చేయడం కష్టం. అందుకే మానసిక వైద్యం గురించి చెప్పాలి. "పిచ్చి డాక్టరు" అని మీరు రాసిన చోట పెన్ను గట్టిగా నొక్కినట్టు కనిపించింది. ఆరోగ్యం గురించిన ఆందోళన బాగా తెలిసిన సమస్య, దానికి చికిత్స ఉంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు, సీబీటీ. అందులో సైకాలజిస్టు మీకు గుండెజబ్బు లేదని వాదించి ఒప్పించరు. నొక్కి చూసుకోవడం, వెతకడం, అడగడం అనే అలవాట్లను ఒక్కొక్కటిగా తగ్గించడం, అప్పుడు వచ్చే భయాన్ని తట్టుకోవడం నేర్పిస్తారు. బ్రిటన్‌లో ఇలాంటి ఆందోళనతో ఆసుపత్రుల చుట్టూ తిరిగే 444 మంది మీద చేసిన అధ్యయనం 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఐదు నుంచి పది విడతల థెరపీ తీసుకున్నవాళ్లకు రెండేళ్ల తర్వాత కూడా ఆ మేలు నిలిచింది. ఇబ్బందల్లా, మన జిల్లాల్లో సీబీటీ తెలిసిన సైకాలజిస్టులు తక్కువ. విజయవాడ వెళ్లాల్సి రావచ్చు, లేదా వీడియో కాల్‌లో మాట్లాడాల్సి రావచ్చు.

మానసిక వైద్యుడైన సైకియాట్రిస్టు మందులు కూడా రాయొచ్చు. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు ఈ ఆందోళనకు వాడతారు. అవి పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం పది రోజులు కొందరికి వికారం, కడుపులో తిప్పడం, కాస్త కంగారు ఉంటాయి. మీలాంటివాళ్లు సరిగ్గా అక్కడే భయపడి మానేస్తారు. అందుకని ఆ మొదటి రోజుల్లో ఏమేం రావచ్చో డాక్టరును ముందే అడగండి. మీ అంతట మీరు మానకూడదన్న షరతు మీద మొదలుపెట్టండి. థెరపీ ఒక్కటే చాలా, మందు కూడా కావాలా అన్నది ఆయన, మీరు కూర్చుని తేల్చుకోవచ్చు. నిద్రలేని రాత్రులు, స్కూల్లో పాఠం ఆగిపోవడం చూస్తే, నేనైతే కనీసం ఒకసారి వెళ్లి మాట్లాడటం మంచిదంటాను.

మీ వారితో కూడా మాట్లాడాలి, భయం వేసిన అర్ధరాత్రి కాదు, ఆదివారం మధ్యాహ్నం. రోజుకు పదిసార్లు "నాకేం కాదు కదా" అని అడగడం, పదిసార్లు "ఏం కాదు" అనిపించుకోవడం కూడా ఒకరకం ఈసీజీయే. అదీ నాలుగు నిమిషాలే నిలుస్తుంది. ఆయన విసుక్కోవడానికి, మీరు బాధపడటానికి అదే కారణం. ఇద్దరూ ఒక ఒప్పందానికి రండి. మీరు "భయంగా ఉంది" అనండి. ఆయన "నేనిక్కడే ఉన్నా" అని కూర్చోవాలి. గుండె బాగుందా లేదా అన్న చర్చ మాత్రం ఇద్దరూ ఎత్తకూడదు. కాగితంలో రాసిన లక్షణం వస్తే ఆయన మారు మాట్లాడకుండా బండి తీయాలి. ఈ చివరి మాట ఆయన చేత గట్టిగా ఒప్పించండి. తేలిగ్గా తీసుకోరన్న నమ్మకం ఉంటేనే మీరు మిగతావాటిని వదలగలుగుతారు. అత్తగారి దిష్టి, తాయెత్తు ఉండనివ్వండి. ఆవిడకు తెలిసిన పద్ధతిలో మీ గురించే ఆరాటపడుతున్నారు.

పాప విషయంలో దాచడం పనికిరాదు, తను ఎప్పుడో చూసేసింది. "తాతయ్య పోయాక అమ్మకు భయం పట్టుకుంది. డాక్టర్లు చూశారు, అమ్మ గుండె బాగుంది. ఆ భయం తగ్గడానికి డాక్టరు దగ్గర నేర్చుకుంటున్నా" అని తనకు అర్థమయ్యేలా చెప్పండి. తన నాడి మీరు లెక్కపెట్టకండి. పిల్లల గుండె పెద్దవాళ్లకన్నా వేగంగా కొట్టుకోవడం మామూలే. ఆ అంకె చూస్తే మీకు ఇంకో భయం పుడుతుంది.

నాన్నగారితో మాట్లాడిన ఆ ఫోను సంగతి ఇంతవరకు ఎవరికైనా చెప్పారా? ఉత్తరం చూస్తే చెప్పినట్టు లేదు. అమ్మగారికి చెబితే ఆవిడ మిమ్మల్ని దగ్గరకు తీసుకోవచ్చు, ఆ దుఃఖంలో ఒక మాట అనేయనూ వచ్చు. దానికి మీరింకా సిద్ధంగా లేరనిపిస్తే ముందు సైకాలజిస్టుకు చెప్పండి. మొదటి రోజే చెప్పండి. ఎకో రిపోర్టుల కన్నా ఆయనకు అదే ముఖ్యం.

బయల్దేరడానికి ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రభుత్వ బోధనాసుపత్రుల మానసిక విభాగాల్లో ఓపీ చూస్తారు, ఖర్చు భయం లేదు.

ఆ సగం మాత్ర పేరు చీటీ మీద రాసుకుని డాక్టరుకు చూపించండి. మందుల షాపువాళ్లు నిద్రకని ఇచ్చేవాటిలో ఆల్ప్రాజోలం లాంటివి ఉంటాయి, అవి లేకుండా ఉండలేనంతగా అలవాటైపోతాయి. అప్పుడప్పుడే వేసుకుంటున్నారు కాబట్టి ఇక కొనకండి. ఒకవేళ రోజూ వేసుకునే దాకా వచ్చి ఉంటే మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు, డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.